మెయిల్ సర్వరుకు తెలుగు వచ్చునా?

సొంతంగా ఒక చిన్న సర్వరు పెట్టుకొని, దానిమీద తమ జాబులు తామే అందుకోవాలనుకొనేవారికి సలహాలకు కొదవ లేదు. ఏ సాఫ్ట్‌వేరు ఎంత వేగంగా జాబులు పంపుతుందో, ఎంత మెమరీ తింటుందో, దేనికి ఎన్ని హంగులున్నాయో పట్టికలు గీసి చూపించేవారు కోకొల్లలు. రోజుకు ముప్పై జాబులు వచ్చే ఇంటికి గంటకు లక్ష జాబులు మోసే యంత్రం దేనికో మాత్రం ఒక్కరూ చెప్పరు. ఆ పట్టికలన్నిటిలోనూ ఒక గడి లోపించి ఉంటుంది. ఈ సాఫ్ట్‌వేరుకు తెలుగు వచ్చునా? తెలుగు లిపిలో రాసిన చిరునామాకు జాబు వస్తే అందుకొంటుందా, గుమ్మంలోంచే తిప్పి పంపుతుందా? నా వాదమంతా ఆ లోపించిన గడి గురించే. తెలుగువాడు తన సర్వరుకు మెయిల్ సాఫ్ట్‌వేరు ఎంచుకొనేటప్పుడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇదే. దీనికి రాదని జవాబిచ్చినదానిని, తక్కిన సుగుణాలు ఎన్ని ఉన్నా, పక్కన పెట్టవలసినదే.

“లోపల విషయం ఎటూ తెలుగులోనే రాస్తున్నాం, పైన చిరునామా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే పోయేదేమున్నది?” అని మన బ్లాగరులే అనడం విన్నాను. పోయేదేమిటో మా ఉత్తరాంధ్ర వారికి బాగా తెలుసు. శ్రీకాకుళాన్ని దొరలు చికాకోల్ చేశారు. విజయనగరం నడుమ ‘జ’ ఉండవలసిన చోట ఒక జడ్ అక్షరాన్ని కూర్చోబెట్టారు. చికాకోల్ పోయింది గాని, ఆ జడ్ నేటికీ ఇంగ్లీషు బోర్డులమీద నిక్షేపంగా ఉన్నది. హంపీ విజయనగరంతో కలగాపులగం కాకుండా ఆ జడ్ అక్కరకు వస్తున్నది కదా అని ఒక మిత్రుడు వాదించాడు. కావచ్చు. తెలుగు బోర్డు చదివి దారి తప్పి హంపీ చేరినవారిని మాత్రం నేనింతవరకు చూడలేదు.

ఊళ్ళ సంగతి అట్లా ఉంచితే మనుషుల పేర్లున్నాయి. పైడితల్లి అమ్మవారి పేరు పెట్టుకొన్నవారు విజయనగరం చుట్టుపక్కల ఏ వీధిలోనైనా కనిపిస్తారు. ఆ పేరునే ఇంగ్లీషులో రాయమనండి. మొదటి అక్షరం తరువాత ఏ, ఐ పెట్టేవారొకరు, వై పెట్టేవారొకరు. టి పక్కన హెచ్ ఉండాలనేవారొకరు, అక్కరలేదనేవారొకరు. ఎల్ ఒకటేనా, రెండా అన్నది మూడో తగాదా. మూడు చోట్ల రెండేసి దారులు, వెరసి ఒకే మనిషికి 8 చిరునామాలు. ఏడింటికి పంపిన జాబు మరెవరి ఇంటికో పోతుంది, లేదా ఎక్కడికీ పోదు. తెలుగులో రాస్తే పైడితల్లి పైడితల్లే. ఫోనులో ఒకసారి పలికితే చాలు, “హెచ్ ఉన్నదా అండీ?” అన్న ప్రశ్న పుట్టదు. ఇది భాషాభిమానం మాట కాదు, జాబు చేరవలసినవారికి చేరడం అనే మాట.

మరి అంత అవసరమైతే ఏదో ఒక పెద్ద కంపెనీ ఇస్తుంది కదా, మనకెందుకీ సర్వరు గోల అంటారా? జీమెయిల్ 2014 ఆగస్టు నుంచి ఇతర లిపుల చిరునామాలకు జాబులు పంపుతున్నది, వాటినుంచి అందుకొంటున్నది. కాని అటువంటి చిరునామాను మనకు ఇవ్వదు. మైక్రోసాఫ్ట్ 2018లో 15 భారతీయ భాషల చిరునామాలను తమ సాధనాలు గుర్తిస్తాయని ప్రకటించింది. అక్కడ కూడా సంగతి గుర్తించడం వరకే. ఇవ్వడానికి ముందుకు వచ్చినది జైపూరు కంపెనీ డేటా ఎక్స్‌జెన్. 2016లో డేటామెయిల్ పేరుతో మన భాషల్లో చిరునామాలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2017లో రాజస్థాన్ ప్రభుత్వం తన ప్రజలకు హిందీ లిపిలో చిరునామాలు ఇచ్చే పని చేపట్టింది. తెలుగు లిపిలో ‘.భారత్’ అన్న పైస్థాయి డొమైను 2011లోనే ఖరారయింది. అంటే రహదారి వేసి ఉన్నది, మన ఇంటి బండే లేదు. ఇక ఒకరి వాకిట్లో కట్టుకొన్న బండి సంగతి మన తరం బ్లాగరులకు కొత్తగా చెప్పనక్కరలేదు. సొంత డొమైనుకు గూగుల్ ఉచితంగా ఇచ్చిన మెయిల్ సేవ 2012 డిసెంబరులో కొత్తవారికి ఆగిపోయింది. యాహూ గుంపుల్లో ఏళ్ళ తరబడి పోగయిన జాబులను 2019 డిసెంబరులో తుడిచివేశారు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1982లో జాన్ పోస్టెల్ రాసిన 821వ ఆర్.ఎఫ్.సి. ప్రకారం చిరునామాలో ఆస్కీ అక్షరాలకు తప్ప చోటు లేదు. జాబు లోపల ఇతర లిపులు రాసుకోవడానికి 1992లో మైమ్ అనే పద్ధతి వచ్చింది. కవరు మీద రాసే చిరునామాకు మాత్రం 2012 ఫిబ్రవరి దాకా పట్టింది. 6530, 6531, 6532 సంఖ్యలు గల మూడు పత్రాలు అప్పుడు వెలువడ్డాయి. రెండు సర్వర్లు కలిసినప్పుడు అందుకొనే సర్వరు తనకు వచ్చిన విద్యలన్నీ ఏకరువు పెడుతుంది. అందులో ‘ఎస్ఎంటీపీ యూటీఎఫ్8’ అన్న మాట ఉంటే తెలుగు చిరునామా గల జాబును పంపవచ్చు. లేకపోతే పంపకూడదు, పంపినవారికి తిప్పికొట్టవలసినదే. డొమైను భాగాన్ని ప్యూనీకోడు అనే ఆస్కీ వేషంలోకి మార్చవచ్చు గాని, ‘ఎట్’ గుర్తుకు ముందున్న మనిషి పేరును మార్చే అధికారం దారిలో ఏ సర్వరుకూ లేదు. కాబట్టి మధ్యే మార్గమంటూ ఏదీ లేదు. ఆ ఒక్క మాట పలకని ప్రతి సర్వరూ తెలుగు చిరునామాను మూసివేసే తలుపే. మనం ఇంట్లో ఆ మాట పలకని సాఫ్ట్‌వేరు పెట్టుకొంటే ఆ తలుపుల్లో ఒకటి మనదవుతుంది.

“అందరూ మారాక మనమూ మారుదాం” అనేవారికి మా జిల్లాల చరిత్రే జవాబు. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి, విజయనగరంలో కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు అందరూ మారేదాకా ఆగినవారు కారు. గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చిననాడు, 1914లో, పండితుల్లో అత్యధికులు అవతలి వైపే ఉన్నారు. అలవాటును నియమంగా చెలామణి చేయడం నాడు వ్యాకరణంలో జరిగింది, నేడు చిరునామాలో జరుగుతున్నది.

ఇప్పుడు నాలుగు సాఫ్ట్‌వేర్లను ఈ గడిలో నిలబెట్టి చూద్దాం. సెండ్‌మెయిల్ అన్నిటికీ పెద్దది. ఎరిక్ ఆల్మన్ బర్క్‌లీలో రాసినది, 1983 నుంచి యూనిక్సు లోకంలో తిరుగుతున్నది. 1988 నవంబరులో మోరిస్ పురుగు ఇంటర్నెట్టంతా పాకినప్పుడు అది దూరిన కన్నాల్లో ఒకటి ఇందులోదే. దాని అమరికల ఫైలు చదవడం కన్నా పాతకాలపు దస్తావేజు చదవడం తేలిక. తెలుగు చిరునామా వైపు అది చూసినది 2021లో, అదీ ప్రయోగాత్మకంగా. పెద్దలకు నమస్కారం పెట్టి ముందుకు పోదాం.

డేనియల్ బెర్న్‌స్టయిన్ రాసిన క్యూమెయిల్ అంటే నాకు గౌరవం. చిన్న చిన్న ప్రోగ్రాములు, ఒకదాన్నొకటి నమ్మకుండా ఎవరి పని వారు చేసుకొనే ఏర్పాటు, రంధ్రాలు బహు తక్కువ. కాని మూల రచన 1998లో 1.03 దగ్గర ఆగిపోయింది. తరువాత కావలసినదంతా ఎవరెవరో కుట్టిన అతుకులే. 1998లో ఆగిన సాఫ్ట్‌వేరుకు 2012 నాటి విద్య ఎక్కడనుంచి వస్తుంది?

ఎగ్జిమ్‌ను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఫిలిప్ హేజెల్ 1995లో మొదలుపెట్టాడు. దానికి తెలుగు చిరునామా నేర్పవచ్చు. ఏమైనా నేర్పవచ్చు, అదే దాని గొప్పా, దానితో ఇబ్బందీ. అమరికల ఫైలే ఒక చిన్న భాష, రాసినది ఆరు నెలల తరువాత రాసినవాడికే అర్థం కాదు. 2019 జూన్‌లో బయటపడిన లోపంతో, చిరునామా గడిలో ఆదేశం రాసి పంపితే పాత కూర్పుల్లో దాన్ని అమలు చేసే పరిస్థితి ఏర్పడింది. వెంటనే సరిచేశారు, నిజమే. కాని ఒక్కడే చూసుకొనే సర్వరులో ‘వెంటనే’ అన్నది ఆ ఒక్కడి తీరికను బట్టి ఉంటుంది.

నా ఓటు పోస్ట్‌ఫిక్స్‌కు. ఐ.బి.ఎం. పరిశోధనశాలలో వీట్సా వెనెమా రాసి 1998 డిసెంబరులో విడుదల చేసినది. క్యూమెయిల్ లాగే పనులను చిన్న ప్రోగ్రాములుగా విడగొట్టినది, కాని నేటికీ సాకేవారు ఉన్నారు. 2015 ఫిబ్రవరిలో వచ్చిన 3.0 కూర్పునుంచి దానికి ఇతర లిపుల చిరునామాలు వచ్చు. ఆ పనికి చైనా వారి డొమైను సంస్థ వెనుక నిలిచి సాయపడింది. మన దేశం నుంచి ఏ సంస్థా ఆ పని చేయలేదేమని అప్పుడప్పుడు నాకు బాధ కలుగుతుంది. అమరికల్లో ఒక మాటకు ‘అవును’ అని రాస్తే చాలు. చిట్టాలో ప్రతి జాబు ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో మామూలు వాక్యాల్లో చదువుకోవచ్చు. అర్ధరాత్రి నిద్రమత్తులో చదివినా అర్థమయ్యే చిట్టా ఎంత వేగానికైనా సాటి రాదు.

అన్నీ ఒకే పెట్టెలో సర్ది ఇచ్చే సంచుల మాటేమిటని అడుగుతారు. మెయిల్‌కౌ అని ఒకటి ఉన్నది, కనీసం 6 గిగాబైట్ల మెమరీ కావాలని దాని పత్రాలే చెబుతాయి. నలుగురున్న ఇంటికి పెళ్ళి భోజనాల గాడిపొయ్యి తవ్వడమంటే ఇదే. పైగా ఏదైనా చెడితే చెడినది సంచిలో ఏ గిన్నెలోనో వెతుక్కోవాలి.

పోస్ట్‌ఫిక్స్ పెట్టుకొన్నంతమాత్రాన పని ముగియదు, చాలామంది తెలుగు చిరునామా ప్రయత్నాలు ఇక్కడే కూలిపోతాయి. పోస్ట్‌ఫిక్స్ వీధి గుమ్మం మాత్రమే. లోపల జాబులు దాచి మనకు చూపించేది వేరొకటి, సాధారణంగా ఫిన్లాండుకు చెందిన టిమో సిరైనెన్ 2002లో మొదలుపెట్టిన డోవ్‌కాట్. ఈ రెండింటినీ ఎల్.ఎం.టి.పి. అనే పద్ధతితో కలపమని ప్రతి పుస్తకమూ చెబుతుంది. డోవ్‌కాట్ 2.3 కూర్పుల్లో ఆ ఎల్.ఎం.టి.పి. తలుపుకు యూటీఎఫ్8 మాట పలకడం రాదు. గుమ్మం దగ్గర మర్యాదగా తీసుకొన్న జాబును లోపలి గది వద్దంటుంది, పంపినవారికి తిరుగు టపా పోతుంది. 2025లో వచ్చిన 2.4 కూర్పులో ఆ విద్య ప్రయోగ దశలో కనిపించింది. అంతదాకా ఆగనక్కరలేదు. పోస్ట్‌ఫిక్స్‌కే సొంతంగా జాబును నేరుగా మెయిల్‌డైర్ అనే సంచిలో పడవేసే చెయ్యి ఉన్నది. ఆ చెయ్యి వాడి, డోవ్‌కాట్‌ను చదివి చూపించడానికి మాత్రమే ఉంచుకొంటే సరి. వడపోత సౌకర్యం కొంత తగ్గుతుంది, చిన్న ఇంటికి అది లెక్కలోనిది కాదు.

రెండో చిక్కు డొమైను పేరుది. పోస్ట్‌ఫిక్స్ తన పట్టికల్లో తెలుగు రూపాన్ని, ప్యూనీకోడు రూపాన్ని తానుగా ఒకటిగా భావించదు. రెండూ విడివిడిగా రాసుకోవాలి. ఒకటే రాసి, సగం జాబులు రావడం లేదని సాఫ్ట్‌వేరును తిట్టేవారున్నారు.

మూడోది అచ్చంగా మన లిపి చిక్కు, యూనికోడుతో మొదటినుంచీ కుస్తీ పట్టిన మన బ్లాగరులకు తప్ప మరొకరికి తోచదు. పైడితల్లి పైడితల్లే అన్నాను కదా. కంటికి అంతే. యూనికోడులో ‘ఐ’ గుణింతాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వం, దానికింద ఐత్వపు తోక అని రెండు గుర్తులుగానూ రాయవచ్చు. రెండూ సమానమని ప్రమాణం చెబుతుంది. కాని బైట్లు వేరు, బైట్లు పోల్చి చూసే సర్వరు అటువంటివారెవరూ ఇక్కడ లేరంటుంది. చాలా కీబోర్డులు ఒకే గుర్తును రాస్తాయి గనుక రోజువారీగా ఇది ఎదురుకాదు. మాక్ యంత్రాల పాత ఫైలు వ్యవస్థ వంటివి పేర్లను విడదీసి దాచుతాయి. అక్కడినుంచి పేరును నకలు తీసి అతికిస్తే తంటా వస్తుంది. అలాగే రాజ్‌కుమార్ వంటి పేర్లలో పొల్లు తరువాత వచ్చే కంటికి కనబడని గుర్తు, మనం ముద్దుగా నకారపొల్లు తగవు అని ఎన్ని పొద్దులు వాదించుకొన్నామో అదే. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. మందు ఒకటే, ప్రతి పేరుకూ రాగల రూపాలన్నీ మారుపేర్ల పట్టికలో రాసి ఒకే పెట్టెకు మళ్ళించడం. ఇంటిల్లిపాదికీ కలిపి నాలుగైదు పంక్తులు. పెద్ద కంపెనీ ఈ నాలుగైదు పంక్తులు మనకోసం రాయదు, అందుకే సర్వరు మనదై ఉండాలంటున్నాను.

కొలత సంగతీ చెప్పాలి. ‘ఎట్’ గుర్తుకు ముందు భాగం 64 బైట్లు మించరాదన్నది 1982 నాటి హద్దు, అది మారలేదు. తెలుగులో ప్రతి గుర్తుకూ 3 బైట్లు పడతాయి, గుణింతమూ ఒక గుర్తే, పొల్లూ ఒక గుర్తే. ‘గిడుగువెంకటరామమూర్తి’ అని కలిపి రాసి లెక్కపెట్టాను. 20 గుర్తులు, 60 బైట్లు. బతికిపోయాం. చివర ‘పంతులు’ చేరిస్తే 78. గౌరవవాచకానికి చోటు లేదన్నమాట.

“మీ ఊళ్ళో కరెంటే ఉండదు, తుపాను వస్తే వారం చీకటి, అక్కడ మెయిల్ సర్వరా?” అన్నది నేను తరచుగా వినే ఎగతాళి. తుపానులు మాకు చుట్టాలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. కాని ఈ ఎగతాళి చేసేవారికి జాబుల స్వభావం తెలియదు. వెబ్ పేజీ తెరుచుకోకపోతే చూడవచ్చినవాడు వెళ్ళిపోతాడు. జాబు వెళ్ళిపోదు. అవతలి సర్వరు దాన్ని తన వరుసలో పెట్టుకొని మళ్ళీ మళ్ళీ తలుపు కొడుతుంది. ఆశ వదులుకోవడానికి ముందు కనీసం 4, 5 రోజులు ప్రయత్నించాలని 2008 నాటి 5321వ ఆర్.ఎఫ్.సి. సూచిస్తున్నది, పోస్ట్‌ఫిక్స్ సహజ గడువు 5 రోజులు. ఇంటర్నెట్టులో ఇంత ఓపికగల సేవలు అరుదు. తుపాను తాకిడి ప్రాంతంలో సొంతంగా నడపదగినది ఏదైనా ఉన్నదంటే అది మెయిల్ సర్వరే. మన సర్వరు పడుకొన్నప్పుడు ఆదుకోవడానికి మరో సర్వరు ఉండి తీరాలన్న పాత సలహా కూడా చిన్న ఇంటికి అక్కరలేదు. కాపలా తక్కువగా ఉన్న ఆ పెరటి గుమ్మాన్ని చెత్త జాబులవాళ్ళు ముందుగా కనిపెడతారు.

అసలైన కష్టం వేరే ఉన్నది, దాన్ని దాచను. అందుకోవడం తేలిక, పంపడమే కష్టం. ఇళ్ళకిచ్చే కనెక్షన్లలో 25వ పోర్టు తరచుగా మూసి ఉంటుంది. ఇంటి ఐ.పి. నుంచి వచ్చిన జాబును పెద్ద కంపెనీలు దొంగ సొమ్ములా చూస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ నియమాల ప్రకారం పంపేవారెవరైనా ఎస్.పి.ఎఫ్. గాని డీకిమ్ గాని పెట్టుకోవాలి, ఐ.పి.కి తిరుగు పేరు ఉండాలి, ఆ పేరు మళ్ళీ అదే ఐ.పి.కి దారి తీయాలి. ఇవన్నీ ఒక మధ్యాహ్నం పని, అద్దె యంత్రం ఒకటి ఉంటే. శ్రీకాకుళం వెళ్ళేవారు శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగుతారు, ఆ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. డొమైను పట్టికలోని ఎం.ఎక్స్. అన్న పంక్తి చేసేది అదే పని. చిరునామా మీ ఊరిది, జాబు దిగేది అద్దె యంత్రం దగ్గర. అందులో తప్పులేదు. స్టేషను ఎక్కడున్నా సామాను మనదే కావాలి.

అద్దె యంత్రమూ వద్దు, పంపే పని ఒక బదిలీ కంపెనీకి అప్పగిస్తామనేవారు మాత్రం ఒక్క క్షణం ఆగాలి. మీ పోస్ట్‌ఫిక్స్‌కు తెలుగు వచ్చినా, నడుమ ఉన్న ఆ కంపెనీ సర్వరుకు రాకపోతే మీ తెలుగు చిరునామానుంచి బయలుదేరిన జాబు మొదటి మలుపులోనే వెనక్కి వస్తుంది. అక్కడినుంచి పంపడానికి మళ్ళీ ఇంగ్లీషు చిరునామాయే గతి. ఇంగ్లీషు మారుపేరు ఒకటి ఎట్లాగూ ఉంచుకోవలసినదే, పాత సర్వర్లతో మాట్లాడక తప్పదు గనుక. రైలు స్టేషను బోర్డుమీద మూడు లిపులున్నాయని ఎవరూ నొచ్చుకోరు. కాని ఆ మారుపేరే అసలు పేరై కూర్చోకూడదు. అందుకని డబ్బు కట్టే ముందు ఆ కంపెనీలను ‘ఎస్ఎంటీపీ యూటీఎఫ్8 మీ సర్వరు పలుకుతుందా?’ అని అడగండి. నేను మూడు కంపెనీలకు రాశాను. రెండు బదులే ఇవ్వలేదు. మూడోది అది మీకెందుకని అడిగింది.